పెట్టె దగ్గర కుర్చీ

నేలమాళిగలో మేం ముప్పై ఒక్క మందిమి. కుర్చీ ఒక్కటే.

తొమ్మిది అంతస్తుల ఆసుపత్రికి బట్టలుతికే చోటు మాది. దుప్పట్లూ గౌన్లూ పసిపిల్లల గుడ్డలూ మూటగట్టి పైనుంచి రేకు గొట్టంలో వదిలితే ధబ్బుమని మా ముందు పడతాయి. విప్పేవాళ్ళం, ఉతికేవాళ్ళం, ఆరబెట్టేవాళ్ళం, ఇస్త్రీ చేసేవాళ్ళం, అందరం నిలబడే చేస్తాం. కూర్చుని చేసే పని ఒక్కటుంది. గోడకు ఒక పెట్టె బిగించి ఉంటుంది. ఏ వార్డుకు ఏం కావాలో నర్సులు పైనుంచి అందులో చెబుతారు. విని, పలక మీద రాసుకుని, బట్టలు లిఫ్టులో ఎక్కించాలి. ఆ పెట్టె ముందు కుర్చీలో పద్నాలుగేళ్ళుగా మా పిన్ని కూర్చుంటోంది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నన్ను పెంచిందీ, ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే. నాకొక్కడికే కాదు, నేలమాళిగ అంతటికీ ఆవిడ పిన్నే. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన ఇస్త్రీ మామ కూడా పిన్నీ అనే పిలుస్తాడు. కుర్చీకి ముందు పదకొండేళ్ళు తడివైపు, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి మూటలు విప్పింది. రెండు మోకాళ్ళూ అక్కడే పోయాయి. ఇక నిలబడితే నడకే పోతుందని పై డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరు కోటు కూడా మేమే ఉతుకుతాం. కాబట్టి కుర్చీ పిన్నికి దర్జా కాదు. కుర్చీ ఉంటే పని ఉంది. లేకపోతే లేదు.

పైన మాట్లాడేది మన భాష కాదు. కిందివాళ్ళం దాన్ని పైభాష అంటాం. పిన్నికి దాన్ని ఎవరూ నేర్పలేదు. అప్పుడు మూటలు విప్పే చోటు పెట్టె పక్కనే ఉండేది. అప్పట్లో కుర్చీలో ఉన్నాయన ప్రతి పిలుపుకూ మూడుసార్లు "ఆఁ?" అనేవాడు. పైవాళ్ళు విసుక్కుంటూ మూడుసార్లు చెప్పేవాళ్ళు. ఆయన పుణ్యమా అని పిన్నికి ప్రతి పాఠం మూడుసార్లు పడింది. కొన్నేళ్ళకు ఆయన రెండో "ఆఁ" అనేలోపు పిన్ని చేతిలో ఆ బట్టలుండేవి. ఆయన పోయిన రోజు పెట్టె మోగితే ఎవరూ తీయలేదు. పిన్ని తీసింది. అంతే.

పైవాళ్ళ ముఖాలు పిన్ని చూడలేదు. గొంతులే తెలుసు. గొంతులకే పేర్లు పెట్టింది. మూడో అంతస్తు తేనె. ముసలివాళ్ళ వార్డు దగ్గు. ఆపరేషన్ గది పెద్ద నర్సు ఉరుము.

"ఉరుము అరిస్తే కంగారు పడకండిరా, అది ఆవిడ కాలక్షేపం. గొంతు తగ్గించిందా, చేతిలో ఉన్నది పారేసి పరిగెత్తండి" అనేది.

ఇది ఏ పుస్తకంలో ఉంది? నాకు తెలుసు, ఏ పుస్తకంలోనూ లేదు. ఎందుకంటే పుస్తకం చదివినవాణ్ణి నేను. అట్ట ఊడిన పైభాష వ్యాకరణం ఒకటి చెత్తగొట్టంలో దొరికితే, ఆరేళ్ళు ఆరబెట్టే యంత్రం వెనక కూర్చుని నమిలాను. అందుకే నన్ను పంతులు అంటారు. గోడ మీద ఏ నోటీసు పెట్టినా చదివి పెట్టేవాణ్ణి నేనే. సెలవుల నిబంధన మాకు తప్పుగా చెబుతున్నారని పట్టుకుని, ఆఫీసు గుమ్మం ముందు అందర్నీ కూర్చోబెట్టిందీ నేనే. కానీ అదే భాష పెట్టెలోంచి వస్తే గోడ వెనక కోళ్ళ కొట్లాటలా ఉండేది. ఒక్క ముక్క అందేది కాదు.

ఆ రోజు నోటీసు కూడా నేనే చదివాను. పెట్టె దగ్గర పనిచేసేవాళ్ళు నలభై రోజుల్లో పైభాష రాతపరీక్ష ప్యాసవ్వాలి. కానివాళ్ళు తడివైపు వెళ్ళాలి.

పిన్ని పలక తుడుస్తూ విన్నది. "రాతపరీక్షా? ఇక్కడ నేను రాసేది తెలుగులో కదరా."

"అవును."

"మరి ఏం రాయాలట?"

వంద ఖాళీలు. నమూనా కాగితం కూడా అంటించారు. ఒక్కో వాక్యంలో ఒక్కో కన్నం పొడిచి, సరైన ముక్కతో పూడ్చమన్నారు. పెట్టె ఊసు లేదు. వినడం లేదు, బదులు చెప్పడం లేదు. చెవితో చేసే పనికి చెవిని వదిలేసి పరీక్ష పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. ఈతగాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి నీటి మీద వ్యాసం రాయమన్నట్టుంది. పద్నాలుగేళ్ళలో ఒక్క దుప్పటి తప్పు అంతస్తుకు వెళ్ళిందా? వెళ్ళి ఉంటే చూపించమనండి.

అలా అని ఊరుకున్నానా? లేదు. ఇక్కడే నేను చేసిన బుద్ధి తక్కువ పని చెప్పాలి. పోట్లాడాల్సినవాణ్ణి పాఠం చెప్పడానికి కూర్చున్నాను. ఖాళీలు పూడ్చడం నాకు వచ్చు, పిన్నికి నేర్పేస్తే సరి అనుకున్నాను. టీ విరామంలో అట్టలేని పుస్తకం తెరిచాను.

"పిన్నీ, ఈ ఖాళీలో ఏం రావాలి?"

"ఎవరు అడుగుతున్నార్రా?"

"ఎవరూ అడగటం లేదు. వాక్యం అది."

"ఎవరూ అడగనిదానికి జవాబు దేనికి?"

"పరీక్ష కోసం పిన్నీ. చదువుతా విను." చదివాను.

పిన్ని నా వంక జాలిగా చూసింది. "ఇది పైభాషేనా? నీ నోట్లో పడితే తడిసిన దుప్పటిలా బరువెక్కిపోయిందిరా."

ఇస్త్రీ మామ బల్ల దగ్గర్నించి అందుకున్నాడు. "పంతులు మాట్లాడితే పైవాళ్ళు వీడేదో కొత్త దేశం వాడనుకుని పడకేసి పడుకోబెడతారు."

నవ్వారు. నేను నవ్వలేదు. పట్టికలు గీశాను. పిన్ని మాట్లాడిన ప్రతి మాటనూ ఆపి, ఇక్కడ ఈ ముక్క ఎందుకొచ్చింది, అక్కడ అది ఎందుకు రాలేదు అని అడిగాను. వచ్చినదాన్ని ఎలా వచ్చిందో చెప్పమన్నాను. ఇరవై రోజులకు ఫలితం కనబడింది. పెట్టె మోగింది. తేనె ఏదో అడిగింది. పిన్ని నోరు తెరిచి, ఆగింది. పెదాలు కదిలాయి. నా పట్టిక వెతుక్కుంటోంది. నాకు తెలిసిపోయింది, నేను వెతుక్కునేటప్పుడు నా ముఖం అలాగే ఉంటుంది. ఆవిడ వెతుక్కునేలోపు తేనె రెండో మాట చెప్పింది, మూడో మాట చెప్పింది, పెట్టె ఆగిపోయింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి పలక ఖాళీగా ఉంది.

పిన్ని నన్ను తిట్టలేదు. "ఏమందో తెలిసిందిరా. ఎలా చెప్పాలో ఆలోచిస్తుంటే ఏమందో జారిపోయింది" అంది.

పరీక్షలో పిన్నికి ముప్పై ఒకటి వచ్చాయి. అరవై రావాలి.

ఆఫీసు రాయమన్న మిగతావాళ్ళలో తొంభై నాలుగు వచ్చినది ఒక కొత్త పిల్ల. బట్టలు ఏరే బల్ల దగ్గర చేరి ఏడాదైంది. చేరకముందు మూడేళ్ళు పైభాష క్లాసులకు వెళ్ళింది. మర్నాటి నుంచి మామ ఆ పిల్లను సర్టిఫికెట్టు అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు చెప్పడం తేలికయ్యేది.

కుర్చీ ఆ పిల్లకిచ్చారు, పిన్నిని తడివైపు పంపారు. మొదటిరోజే పెట్టె మోగింది. సర్టిఫికెట్టు నిటారుగా కూర్చుని, దయచేసి మీరు ఇప్పుడు చెప్పినదాన్ని మరొకసారి చెప్పగలరా అని తప్పులేని వాక్యం మొదలుపెట్టింది. నా పుస్తకం ఒప్పుకునే వాక్యం. అది పూర్తయ్యేసరికి అవతల ఎవరూ లేరు. రెండోసారీ అంతే. మూడోసారి ఉరుము. ఆ అరుపుకు పిల్ల పలక వదిలేసి ఆరబెట్టే యంత్రం వెనక్కి పోయి ఏడ్చింది.

తడివైపు నుంచి నీళ్ళు కారే కాళ్ళతో పిన్ని వచ్చింది. రెండు చేతులతో గోడ పట్టుకుని నడుస్తోంది.

"లేవమ్మా. పైన చంటిపిల్లలు తడిలో ఉంటారు. నేను విని చెబుతా, నువ్వు రాసుకో."

"మీరు కూర్చోండి పిన్నిగారూ."

"ఆ కుర్చీ నీ పేరున ఉంది. ఆఫీసరు చూస్తే నీ మెడకు చుట్టుకుంటుంది. కూర్చో."

ఆ రోజు నుంచి పిన్ని ఆ పిల్ల పక్కన నిలబడింది. విప్పడానికి మూటలు తెచ్చి అక్కడే పడేశారు. మూట విప్పుతూ వినడం, విని ఆ పిల్ల చెవిలో చెప్పడం, మళ్ళీ మూట. కూర్చున్నవాళ్ళకు వినబడదు, వినబడేవాళ్ళకు కుర్చీ లేదు. రెండు పనులు ఒక మనిషి నిలబడి చేస్తుంటే, పదో రోజున ఆఫీసరు గోడ మీద కొత్త కాగితం పెట్టాడు. చదివి చెప్పాను. పరీక్ష విధానం వచ్చాక పెట్టె దగ్గర పని మెరుగైందట. ఆఫీసు తనను తాను అభినందించుకుంటోందట.

నేను కాగితం అందుకున్నాను. చింపబోతుంటే మామ చెయ్యి పట్టుకున్నాడు. నేను పిన్ని దగ్గరికి వెళ్ళాను.

"పిన్నీ, ఒక్క పూట నోరు మూసుకో. చాలు. తొంభై నాలుగు మార్కులు ఎంత వింటాయో పైవాళ్ళకు తెలుస్తుంది."

పిన్ని మూట ముడి విప్పుతూనే ఉంది. "పైన పడుకున్నవాళ్ళు నీకేం చేశార్రా?"

"వాళ్ళేం చేయలేదు. ఆఫీసు చేసింది."

"అయితే ఆఫీసుతో పెట్టుకో. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నలభై రోజులు నా నోట్లోంచి తప్పులు ఏరావు, బట్టల్లోంచి గుండుసూదులు ఏరినట్టు. ఒక్కరోజు, ఒక్క పూట, ఈ పెట్టె పక్కన నిలబడి విన్నావా? నీ పుస్తకంలో ఉన్న భాష ఎలా మాట్లాడతారో నీకు తెలుసుకోవాలనే లేదు."

"అంటే వ్యాకరణం వద్దంటావా?"

"వద్దని ఎవరన్నారు? నాకు పైభాష రాయడం రావాలి. నువ్వు నోటీసు చదువుతుంటే నాకెంత కడుపుమంటో నీకేం తెలుసు. కానీ నాకు వచ్చిన మాటకు రాత నేర్పరా. రాని మాట తెచ్చి నోట్లో కుక్కకు."

అంతకంటే పెద్ద చెంపదెబ్బ నేను తినలేదు. ఆఫీసు గుమ్మం ముందు ఎన్నో కేకలు వేసినవాణ్ణి. కొలబద్ద వాళ్ళ చేతిలో ఉందని మండిపడ్డాను. అదే కొలబద్ద తీసుకుని ఇంటిమనిషి మీద ప్రయోగించాను. ఆ మర్నాటి నుంచి నా విరామం పెట్టె పక్కన గడిచింది. మూడు రోజులు కోళ్ళ కొట్లాటే. నాలుగో రోజు కోళ్ళలోంచి "దుప్పట్లు" అనే మాట దానంతట అది వచ్చి నా చెవిలో కూర్చుంది. ఆరేళ్ళుగా నాకు తెలిసిన మాట. దాన్ని కలుసుకోవడం అదే మొదటిసారి.

నిలబడటం మొదలుపెట్టిన పద్దెనిమిదో రోజు పిన్ని రాలేదు. మంచం మీంచి కాలు కింద పెట్టబోతే మోకాలు పట్టలేదు.

ఆ రోజు సర్టిఫికెట్టు ఒక్కతే. అప్పటికి పదిహేడు రోజుల వినికిడి ఆ పిల్లకూ కొంత అబ్బింది. ఉరుము పిలిచింది. నెమ్మదిగా, మర్యాదగా, గొంతు తగ్గించి చెప్పింది. పిల్ల ప్రతి మాటా విన్నది, ప్రతి మాటా సరిగ్గా రాసింది, తప్పు లేదు. కేకలు వేయలేదు కాబట్టి తొందర లేదనుకుని వరసలో చివర పెట్టింది. ఆపరేషన్ గదిలో గౌన్లు లేక అరగంట పని ఆగింది. రోగికి ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం, అంతే.

మధ్యాహ్నం మెమో దిగింది. ఎవరికి? కుర్చీలో ఉన్న మనిషికా? పరీక్ష పెట్టినవాడికా? పిన్నికి. నేను నాలుగుసార్లు చదివాను, కళ్ళు నలుపుకుని ఐదోసారి చదివాను. ముందస్తు అనుమతి లేకుండా రాకపోవడం వల్ల పెట్టె దగ్గర పని ఆగినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. పరీక్ష తప్పావు, పెట్టె ముట్టుకోకు అన్నవాళ్ళే, నువ్వు రాకపోతే పెట్టె ఆగింది అంటున్నారు. అదీ వ్యాకరణం తప్పకుండా, కామాలతో సహా.

సర్టిఫికెట్టు నా చేతిలోంచి మెమో తీసుకుని చదివింది. ముఖం ఎర్రబడింది.

"అన్నా, తప్పు నాది. రాసింది పిన్నిగారికి."

"తప్పు నీదీ కాదు."

"ఎవరిదైతేనేం. ఇంకా ఆ కుర్చీలో నేను కూర్చుంటే నాకంటే సిగ్గులేనిది ఉండదు."

"కూర్చోవే తల్లీ, నువ్వూ కూర్చో" అన్నాడు మామ. "ఒకటే కుర్చీ ఉండాలని ఏ పుస్తకంలో రాసి ఉంది? పంతులూ, ఉందట్రా నీ పుస్తకంలో?"

లేదు. మామ విరిగిన తోపుడుబండి చట్రం తెచ్చాడు. ఇస్త్రీ బల్లకు చుట్టే మందపాటి గుడ్డ మూడు మడతలేసి దాని మీద మేకులు కొట్టాడు. వీపు ఆనుకోవడానికి పాత పలక బిగించాడు. నాలుగో రోజు పిన్ని కర్ర సాయంతో వచ్చేసరికి పెట్టె ముందు రెండు కుర్చీలున్నాయి.

పిన్ని కొత్త కుర్చీని కర్రతో తట్టి చూసింది. "ఇదేమిటిరా, పీటల మీద పెళ్ళికూతుళ్ళలాగా."

"కూర్చో పిన్నీ" అంది సర్టిఫికెట్టు. గారూ అనలేదు.

కూర్చుంది. ఒకావిడ వింటుంది, ఒకావిడ రాస్తుంది. పిలుపుకూ పిలుపుకూ మధ్య పిల్ల పిన్నికి పైభాష రాత చూపిస్తుంది, పిన్ని పిల్లకు గొంతులు చెబుతుంది. నేను చూడాలనుకోని దృశ్యం అది, ఎందుకంటే ఆ నలభై రోజులూ నేను చేయాల్సింది అదే.

రెండు గంటల్లో ఆఫీసరు దిగాడు. కబురు ఎలా చేరుతుందో తెలియదు, చేరుతుంది. చట్రం కుర్చీని వేలితో చూపించి, ఇదేమిటి, ఎవరి అనుమతి, వెంటనే తీసేయండి అన్నాడు పైభాషలో. అతని మాటలు నాకు దాదాపు అర్థమయ్యాయి. ఇరవై తొమ్మిది మంది ఆగి నా వంక చూశారు. ఉపన్యాసకుణ్ణి నేను కదా. నేను వాక్యం కట్టడం మొదలుపెట్టాను. కర్త దొరికింది. క్రియ వెతుకుతున్నాను.

ఈలోపు పిన్ని మాట్లాడింది. లేవలేదు. పద్నాలుగేళ్ళుగా పైభాషలో బదులు చెప్పడమే ఆవిడ పని. అడగటం అదే మొదటిసారి.

"అయ్యా, నేను రాలేదని మెమో ఇచ్చారు. నా పని తడివైపు. ఆ రోజు తడివైపు ఏదీ ఆగలేదు. ఆగింది పెట్టె. పెట్టె నా పని అని మీరే రాశారు, సంతకం పెట్టారు. నేను నిలబడి వినలేను. కుర్చీ తీసేస్తే మెమో కూడా తీసేయండి. మెమో ఉంచితే కుర్చీ ఉంచండి."

ఆ మాటల్లో మూడు తప్పులున్నాయి. లెక్కపెట్టాను, పాడు అలవాటు. ఆఫీసరు ఒక్కసారి కూడా "ఆఁ?" అనలేదు. ముక్క ముక్కా అర్థమైనట్టు చెవులు ఎర్రబడ్డాయి. సర్టిఫికెట్టు మెమో కాగితాన్ని రెండు చేతులతో అతని ముందు పట్టుకుంది, సంతకం కనబడేలా. అతను సంతకం వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు. నియమం నియమమే, పరిశీలిస్తాం అన్నాడు.

"ఎన్నాళ్ళు పరిశీలిస్తారంట?" అన్నాడు మామ తెలుగులో, ఎవరితోనూ కానట్టు. "నిలబడే పరిశీలిస్తారా, కూర్చునా?"

ఆఫీసరు బదులు చెప్పేలోపు పెట్టె మోగింది. ఉరుము. గొంతు తగ్గించి ఉంది. పిన్ని చెయ్యి పైకెత్తింది. మేం ముప్పై మందిమి అతన్ని అక్కడే వదిలేసి పరిగెత్తాం. గౌన్లు లిఫ్టులో ఎక్కించి తిరిగొచ్చేసరికి అతను లేడు. చట్రం కుర్చీ ఉంది.

మామ దాన్ని బట్టలారేసే తీగతో నీళ్ళ గొట్టానికి కట్టేశాడు, ఏడు చుట్లు. మళ్ళీ వస్తారని మాకు తెలుసు. అందుకే ఆ సాయంత్రమే అర్జీ రాయడానికి కూర్చున్నాం. మొదటి ముసాయిదా నాది. పిన్ని విని, ఇది సమాధి మీద చెక్కడానికి బాగుంటుంది, పైన బతికున్న మనిషెవరూ ఇలా మాట్లాడరు అంది. చింపేశాను. ఆఫీసరుతో ఆవిడ అన్న మాటలనే ఆవిడ చెబుతుంటే సర్టిఫికెట్టు రాసింది. కింద ఒక్క కోరిక కలిపాం. పెట్టె దగ్గర మనిషికి పరీక్ష పెట్టదలిస్తే పెట్టె దగ్గరే పెట్టండి, పెట్టేవాళ్ళు కూడా వచ్చి మా పక్కన కూర్చుని రాయండి.

మూడు తప్పుల దగ్గర నా కలం ఆగింది. ఈసారి ముందుగా అడిగాను. "దిద్దమంటావా పిన్నీ?"

పిన్ని మళ్ళీ ఒకసారి లోలోపల అనుకుని చూసింది. "రెండు దిద్దు. మూడోది ఉంచు. పైన అందరూ అలాగే అంటారు."

పుస్తకం తెరవబోయి మూసేశాను. రెండు దిద్దాను. ముప్పై ఒక్క సంతకాలు. మొదటిది పిన్నిది, తెలుగులో కాదు. పైభాష అక్షరాల్లో, వంకరగా, తన చేత్తో, కుర్చీలో కూర్చుని పెట్టింది.